డబ్బా తిప్పి చూడండి: కుక్కకు క్యాన్డ్ ఫుడ్ కొనేముందు

పోయిన ఎపిసోడ్‌లో ఎండాకాలంలో కుక్కల్ని ఎలా చూసుకోవాలో మాట్లాడుకున్నాం. ఆ తర్వాత మా క్లినిక్‌కి వచ్చినవాళ్ళలో చాలామంది ఒకటే మాట అడిగారు. "డాక్టర్ గారూ, ఈ ఎండలకి మా వాడు పెడిగ్రీ ముట్టుకోవడం లేదు, డబ్బా ఫుడ్ పెట్టమంటారా? పెడితే ఏ డబ్బా మంచిది?" అని. (మనవాళ్ళు గింజల్లా ఉండే డాగ్ ఫుడ్ ఏ కంపెనీదైనా పెడిగ్రీ అనే అంటారు. మా అమ్మ ఇప్పటికీ ఏ వనస్పతి అయినా డాల్డా అన్నట్టు.)

ఫలానా కంపెనీ డబ్బా కొనండి అని నేను చెప్పను. ఆ పేరు రాసుకుందామని కాగితం పెన్ను పట్టుకుని కూర్చున్నవాళ్ళు ఏమీ అనుకోకండి. ఏ డబ్బా అయినా చేతిలోకి తీసుకుని, ఇది నా కుక్కకి పనికొస్తుందా లేదా అని మీరే చెప్పగలిగేలా చెయ్యాలని నా ప్రయత్నం. ఎందుకంటే ఈ విషయంలో నేనే ఒకసారి తప్పు చేశాను. ముందు అది చెప్తాను.

కొన్నేళ్ళ కిందట ఒక రిటైర్డ్ మాస్టారు జర్మన్ షెపర్డ్ పిల్లను తీసుకొచ్చారు. రెండు నెలల పిల్ల. పేరు భీముడు. వాళ్ళింట్లో మాంసం వండరు. అబ్బాయి అమెరికాలో ఉంటాడు. "నాన్నా, జర్మన్ షెపర్డ్‌కి పెరుగన్నం పెట్టి పెంచకండి, నేను ఆన్‌లైన్‌లో క్యాన్డ్ ఫుడ్ పంపిస్తాను" అన్నాడట. నెలనెలా అట్టపెట్టెలు వచ్చేవి. మాస్టారి భార్య వంటింట్లోకి రానిచ్చేవారు కాదు కాబట్టి ఆ డబ్బాలు వరండాలో ఒక బీరువాలో ఉండేవి. వాటికి వేరే చెంచా, వేరే కత్తెర, వేరే గిన్నె. ఈయన పొద్దున్నే స్నానం చేసి, పూజ అయ్యాక, ముక్కుకి తువ్వాలు కట్టుకుని ఆ డబ్బా తీసి పెట్టేవారు. ఆ తర్వాత మళ్ళీ స్నానం. ప్రేమ ఉంటేనే కదా ఇంత చేస్తారు.

టీకాలకి వచ్చినప్పుడు నేను అడిగాను. "మాస్టారూ, ఏం పెడుతున్నారు?" "ఇంపోర్టెడ్ డబ్బాలమ్మా, మా వాడు పంపిస్తున్నాడు." "మంచిది మాస్టారూ, అదే పెట్టండి" అన్నాను. అంతే. డబ్బా చూపించమని అడగలేదు. బయట ఇంకో పదిమంది కూర్చుని ఉన్నారు, నేను తొందరలో ఉన్నాను.

భీముడికి ఐదో నెల వచ్చాక ఒకరోజు సాయంత్రం ఎత్తుకుని తీసుకొచ్చారు. దివాన్ కాట్ మీంచి దూకిందట. అది ఎంత ఎత్తు ఉంటుందండీ, అడుగున్నర. వెనక కాలు తొడ ఎముక విరిగింది. ఎక్స్‌రే తీస్తే నాకు చెమటలు పట్టాయి. ఎముక తెల్లగా, గట్టిగా కనపడాలి. అందులో ఎముక ఎక్కడ మొదలై మాంసం ఎక్కడ అయిపోతోందో గీత గీసి చెప్పలేనంత పలచగా ఉంది. ముందు కాళ్ళు కూడా కాస్త వంగాయి. అప్పుడు అడిగాను, "మాస్టారూ, ఆ డబ్బా ఒకటి తెప్పించండి" అని.

డబ్బా వచ్చింది. ముందు వైపు మంచి ఫోటో, కోడి మాంసం పీచులు పీచులుగా. వెనక వైపు ఉన్నది ఏమిటి? కోడి మాంసం, ఆ ఉడికించిన నీళ్ళు, కాసిని బియ్యం. అయిపోయింది. కింద చీమ తలకాయంత అక్షరాల్లో 'కాంప్లిమెంటరీ పెట్ ఫుడ్' అని ఉంది. నేను ఆ మాట మీద వేలు పెట్టి చూపించాను. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చదివి, "అవునమ్మా, ఇది నేనూ చూశాను. కాంప్లిమెంటరీ అంటే ఏదో ఉచితంగా ఇస్తున్నారు కాబోలు అనుకున్నాను" అన్నారు.

నవ్వకండి. ఇంగ్లీషులో ఆ రెండు మాటలకీ తేడా ఒక్క అక్షరమే. మధ్యలో 'ఐ' ఉంటే ఉచితంగా ఇచ్చేది. 'ఈ' ఉంటే, వేరే దానికి తోడుగా పెట్టేది అని. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మాస్టారు ఆయన. ఆ అక్షరం దగ్గర తడబడటం ఆయన తప్పు కాదు. ఆ డబ్బా తెప్పించి చూడాల్సింది నేను.

అసలు ఏం జరిగిందో చెప్తాను. ఉట్టి కండ మాంసంలో ఫాస్ఫరస్ చాలా ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. ఇంచుమించు ఇరవైకి ఒకటి. కుక్కపిల్ల తిండిలో కాల్షియం కనీసం ఫాస్ఫరస్‌కి సమానంగానైనా ఉండాలి, కాస్త ఎక్కువ ఉంటే ఇంకా మంచిది. తిండిలో కాల్షియం రాకపోతే గుండె, నరాలు ఆగవు కదా, వాటికి రక్తంలో కాల్షియం కావాలి. అప్పుడు మెడ దగ్గర ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు ఏం చేస్తాయంటే, ఎముకల్లో దాచుకున్న కాల్షియాన్ని కరిగించి రక్తంలోకి పంపిస్తాయి. అందుకే రక్తపరీక్ష చేస్తే చాలాసార్లు కాల్షియం మామూలుగానే కనపడుతుంది. ఎముక మాత్రం లోపల్లోపల గుల్ల అవుతుంది. పిల్ల చూడటానికి బొద్దుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. దూకినప్పుడు బయటపడుతుంది.

కాబట్టి డబ్బా కొనేటప్పుడు మొట్టమొదట చూడాల్సింది రుచి కాదు, ధర కాదు, ఏ దేశం నుంచి వచ్చింది అన్నది కూడా కాదు. ఇది సంపూర్ణ ఆహారమా, తోడు ఆహారమా? యూరప్ పద్ధతిలో ముద్రించిన డబ్బాల మీద 'కంప్లీట్' అనో 'కాంప్లిమెంటరీ' అనో ఉంటుంది. అమెరికా పద్ధతి డబ్బాల మీద 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అని ఉంటే సంపూర్ణం. 'ఫర్ ఇంటర్మిటెంట్ ఆర్ సప్లిమెంటల్ ఫీడింగ్ ఓన్లీ' అని ఉంటే అప్పుడప్పుడు పెట్టుకోమని అర్థం. టాపర్, ట్రీట్ అన్నవీ ఇదే కోవ. ఏమీ రాసి లేకపోతే? తోడు ఆహారం అనే అనుకోండి. మీకు నష్టం లేదు.

తోడు ఆహారం విషం కాదండోయ్. పెద్ద కుక్కకి రోజు తిండిలో పదో వంతు కేలరీలు దాటకుండా రుచికి పైన వేసుకోవచ్చు. పది కిలోల కుక్క అయితే రోజుకి అరవై, డెబ్బై గ్రాములు. రెండు మూడు చెంచాలు. అదే పొద్దున్నా సాయంత్రం అది మాత్రమే పెడితేనే తంటా.

రెండోది, ఎవరికి సంపూర్ణం? ఆ వాక్యంలోనే ఉంటుంది. 'గ్రోత్' అంటే ఎదిగే పిల్లలకి. 'మెయింటెనెన్స్' అంటే ఎదిగిన కుక్కలకి. 'ఆల్ లైఫ్ స్టేజెస్' అంటే పిల్లల ప్రమాణానికి సరిపడా చేశారు, పెద్దవాటికీ పెట్టొచ్చు అని. అమెరికాలో ఈ ప్రమాణాలు రాసే సంస్థ పేరు ఆఫ్కో. అది డబ్బాల్ని పరీక్షించదు, ముద్ర వెయ్యదు. ఎంత ప్రొటీన్, ఎంత కాల్షియం ఉండాలో రాసిపెడుతుంది, కంపెనీ దానికి తగ్గట్టు చేశామని చెప్పుకుంటుంది. 'ఆఫ్కో అప్రూవ్డ్' అని ఎవరైనా అంటే ఆ మాటే తప్పు.

పెద్ద జాతి పిల్లలు ఉన్నవాళ్ళు ఇంకో మాట వెతకాలి. ఎదిగాక 70 పౌండ్లు, అంటే దాదాపు 32 కిలోలు దాటే జాతులకి పనికొస్తుందా లేదా అన్నది ఆ వాక్యం చివర రాస్తారు. గ్రేట్ డేన్, రాట్‌వీలర్, మగ జర్మన్ షెపర్డ్, ఇలాంటి వాటి పిల్లలకి కాల్షియం తక్కువైతే ఎంత ప్రమాదమో ఎక్కువైనా అంతే ప్రమాదం. ఎముకలు, కీళ్ళు వంకరగా ఎదుగుతాయి. అందుకే సంపూర్ణ ఆహారం పెడుతూ పైన కాల్షియం సిరప్ పొయ్యకండి. షాపువాళ్ళు పిల్లతో పాటు ఆ సీసా కూడా అంటగడతారు. వద్దని చెప్పి రండి.

ఇక్కడ ఒక సంగతి కాస్త ఆగి చెప్పాలి. ఈ మధ్య ఎక్కడ చూసినా ఒక సలహా వినపడుతోంది. "పదార్థాల జాబితా చిన్నగా ఉంటే మంచిది. నోరు తిరగని పేర్లు ఉంటే కెమికల్స్ అన్నమాట, కొనకండి" అని. వినడానికి బాగుంటుంది. భీముడి డబ్బా మీద జాబితా మూడే మాటలు. ఎంత స్వచ్ఛంగా ఉందో చూడండి! సంపూర్ణ ఆహారం డబ్బా తిప్పండి, జింక్ సల్ఫేట్, కాపర్, పొటాషియం అయోడైడ్, కోలీన్ క్లోరైడ్, థయమిన్, విటమిన్ డి3, ఇలా చివర ఒక తోక ఉంటుంది. ఆ తోకే కావాలి మనకి. డబ్బాని మూత వేశాక దాదాపు 121 డిగ్రీల వేడిలో ఆవిరితో ఉడికిస్తారు, అందుకే ప్రిజర్వేటివ్ అక్కర్లేకుండానే ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. ఆ వేడికి థయమిన్ లాంటి విటమిన్లు కొంత పోతాయి, కాబట్టి ముందే కలుపుతారు. నోరు తిరగకపోవడం మన నోటి సమస్య. కుక్క ఎముక సమస్య కాదు.

అలాగే 'బై ప్రోడక్ట్స్' అన్న మాట చూసి ముఖం చిట్లించకండి. అంటే ఏమిటి? లివర్, కిడ్నీ, గుండె, ఊపిరితిత్తులు, తిల్లి. ఆదివారం మటన్ కొట్టు దగ్గర తలకాయ, బోటి, కార్జం కోసం మనం క్యూ కట్టమూ? అవన్నీ పోషకాలున్నవే. ఏ జంతువువో పేరు చెప్పి 'చికెన్ లివర్' అని రాసినవాళ్ళని, ఊరికే 'మీట్ అండ్ యానిమల్ డెరివేటివ్స్' అని రాసినవాళ్ళకంటే నేను ఎక్కువ నమ్ముతాను. ఎలర్జీ ఉన్న కుక్కకి ఏది పడటం లేదో కనిపెట్టాలంటే ఆ పేరు తెలియాలి కదా.

ముందు వైపు పేరులో కూడా ఒక కిటుకు ఉంది. అమెరికా నిబంధనల ప్రకారం 'చికెన్ డాగ్ ఫుడ్' అని ఉంటే, కలిపిన నీళ్ళు తీసేసి చూస్తే 95 శాతం చికెన్ ఉండాలి. 'చికెన్ డిన్నర్', 'చికెన్ ఎంట్రీ' అంటే 25 శాతం చాలు. 'విత్ చికెన్' అంటే 3 శాతం చాలు. 'చికెన్ ఫ్లేవర్' అంటే వాసన తెలిస్తే చాలు. యూరప్‌లో 'విత్ చికెన్'కి 4 శాతం. ఒక్క చిన్న మాటకి 95 కాస్తా 3 అయిపోయింది చూడండి. అలాగని 25 శాతం ఉన్నది చెడ్డదని కాదు. భీముడిది దాదాపు మొత్తం చికెనే కదా!

ఇప్పుడు నీళ్ళ లెక్క. ఇది మాస్టారికి భలే నచ్చింది, నాకంటే బాగా ఆయనే చెప్తారు. డబ్బా ఫుడ్‌లో 75 నుంచి 80 శాతం పైన నీళ్ళే. గింజల్లో 10 శాతం. కాబట్టి రెండింటి లేబుల్ మీద అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. డబ్బా మీద నీళ్ళు 80, ప్రొటీన్ 9, కొవ్వు 6 అని ఉందనుకోండి. నీళ్ళు తీసేస్తే మిగిలింది 20. ఆ 20లో 9 అంటే ప్రొటీన్ 45 శాతం. ఆ 20లో 6 అంటే కొవ్వు 30 శాతం. గింజల సంచీ మీద నీళ్ళు 10, ప్రొటీన్ 22, కొవ్వు 10 అని ఉంటే, నీళ్ళు తీసేశాక ప్రొటీన్ 24, కొవ్వు 11. చూశారా, ఆరు శాతమే కదా అనుకున్న కొవ్వు గింజల్లో దానికంటే దాదాపు మూడు రెట్లు.

ఇది ఊరికే లెక్క కోసం చెప్పడం లేదు. పాంక్రియాటైటిస్ వచ్చిన కుక్కలు, అంటే క్లోమం వాచి వాంతులు చేసుకుని, కడుపు నొప్పితో వీపు వంచి నిలబడే కుక్కలు, వాటికి కొవ్వు పడదు. "మెత్తగా ఉంటుంది, తేలిగ్గా అరుగుతుంది" అని డబ్బా తెచ్చి పెడతారు. అది మళ్ళీ క్లినిక్‌లో తేలుతుంది. లావుగా ఉన్న ల్యాబ్రడార్లకీ అంతే. ల్యాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒకదానికి ఆకలి తీరిందని చెప్పే జన్యువులో లోపం ఉందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు చెప్పారు. అది మీ మొహం వైపు అలా చూస్తుంటే ఇంకో చెంచా వెయ్యాలనిపిస్తుంది. తెలుసు. నాకూ ఉంది ఒక ల్యాబ్.

మరి నీళ్ళు ఎక్కువ ఉండటం నష్టమేనా? కాదు. విజయవాడ ఎండల్లో నీళ్ళు సరిగ్గా తాగని కుక్కకి, మూత్రంలో రాళ్ళు వచ్చే కుక్కకి, పళ్ళు పోయిన ముసలి కుక్కకి, జ్వరం వచ్చి తిండి మానేసినదానికి, డబ్బా ఫుడ్ నిజంగా మేలు చేస్తుంది. పొట్ట నిండినట్టు ఉంటుంది, కేలరీలు తక్కువ. మీరు డబ్బుపెట్టి కొంటున్నదాంట్లో నాలుగు వంతుల్లో మూడు వంతులు నీళ్ళని తెలిసి కొనండి, అంతే.

డబ్బు మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. కుక్కకి ఎన్ని కేలరీలు కావాలో ఒక సూత్రం ఉంది, మిమ్మల్ని విసిగించను. ఆపరేషన్ అయిన, ఇంట్లో తిరిగే పది కిలోల కుక్కకి రోజుకి సుమారు 630 కేలరీలు. ముప్పై కిలోల ల్యాబ్‌కి సుమారు 1,400. ఇందాక చెప్పిన డబ్బాలో వంద గ్రాములకి 90 కేలరీలు ఉంటాయి, అంటే 400 గ్రాముల డబ్బాకి 360. చిన్న కుక్కకి రోజుకి ముప్పావు తక్కువ రెండు కాదు, పావు తక్కువ రెండు డబ్బాలు. ల్యాబ్‌కి నాలుగు! డబ్బా 250 రూపాయలు అనుకుంటే రోజుకి వెయ్యి, నెలకి ముప్పై వేలు. మన ఇళ్ళల్లో ఎంతమంది పెట్టగలరు? అందుకే నా సలహా, సంపూర్ణ ఆహారం అయిన గింజలే ఎక్కువ భాగం ఉంచండి, సంపూర్ణ ఆహారం అయిన డబ్బా కొంచెం కలపండి. పది కిలోల కుక్కకి 130 గ్రాముల డబ్బా ఫుడ్, 145 గ్రాముల గింజలు. రెండూ సంపూర్ణమే కాబట్టి ఏ పాళ్ళలో కలిపినా పోషకాలు తప్పవు. కలిపిన మేరకు గింజలు తగ్గించాలి సుమండీ! అది మాత్రం చాలామంది మర్చిపోతారు. మార్చేటప్పుడు ఒకేసారి కాకుండా వారం రోజుల్లో మెల్లిగా మార్చండి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి.

'గ్రెయిన్ ఫ్రీ' గురించి. బియ్యం, గోధుమ లేవు కాబట్టి ఆరోగ్యం అంటారు. 2018 జులైలో అమెరికా ఎఫ్‌డీఏ, బఠానీలు, పప్పులు, బంగాళాదుంపలు ఎక్కువగా ఉన్న ఆహారాలు తిన్న కుక్కల్లో డీసీఎం అనే గుండె జబ్బు కనపడుతోందని విచారణ మొదలుపెట్టింది. వాటిలో చాలా భాగం గ్రెయిన్ ఫ్రీ అని అమ్మినవే. ఇదే కారణమని తేల్చలేదు. కానీ ధాన్యం పడని జబ్బేమీ లేని కుక్కకి ఎక్కువ డబ్బిచ్చి మరీ అది కొనడం ఎందుకు? ఉడికిన అన్నం మన కుక్కలకి చక్కగా అరుగుతుంది. 'ప్రీమియం', 'హోలిస్టిక్' అన్న మాటలకైతే చట్టంలో అర్థమే లేదు. ఎవరైనా రాసుకోవచ్చు.

పెద్ద కంపెనీ అయితే చాలు అనుకునేవాళ్ళకి రెండు పాత సంగతులు. 2007 మార్చిలో కెనడాకి చెందిన మెనూ ఫుడ్స్ అనే సంస్థ ఆరు కోట్ల డబ్బాలు, పౌచ్‌లు వెనక్కి పిలిపించింది. గ్రేవీలో ముక్కలుగా ఉండే తిండి అది. ఆ ముక్కలు చూడటానికి మాంసంలా ఉంటాయి, కట్టుబడి ఉండటానికి గోధుమ గ్లూటెన్ కలుపుతారు. చైనా నుంచి వచ్చిన ఆ గ్లూటెన్‌లో మెలమిన్ కలిపారు. మెలమిన్ ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం. ఎందుకు కలిపారంటే, ప్రయోగశాలలో ప్రొటీన్‌ని నేరుగా కొలవరు, నత్రజనిని కొలిచి దాన్నిబట్టి లెక్క కడతారు. మెలమిన్ నిండా నత్రజని. పాలల్లో నీళ్ళు కలిపి చిక్కదనానికి పిండి కలిపినట్టు. కుక్కలు, పిల్లులు కిడ్నీలు పాడై చనిపోయాయి. ఒకే ఫ్యాక్టరీ సరుకు చాలా బ్రాండ్ల పేర్లతో అమ్ముడవుతోందని కొన్నవాళ్ళకి అప్పుడు తెలిసింది. రెండోది, 2019 జనవరి చివర్లో హిల్స్ కంపెనీ కొన్ని క్యాన్డ్ డాగ్ ఫుడ్స్‌ని వెనక్కి పిలిపించింది. సరఫరాదారు పంపిన విటమిన్ల మిశ్రమంలో విటమిన్ డి మోతాదు మించిపోయింది. ఇది డాక్టర్లు రాసే కంపెనీ, నేనూ రాస్తాను.

నేను భయపెట్టడానికి చెప్పడం లేదు. డబ్బా అడుగున ముద్రించిన లాట్ నంబరు ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి, పది సెకన్ల పని. కొత్త పెట్టె మొదలుపెట్టిన వారంలో కుక్క తిండి మానేసినా, వాంతులైనా, నీళ్ళు విపరీతంగా తాగి ఊరికే మూత్రానికి వెళ్తున్నా, ఆ తిండి ఆపి డబ్బాతో సహా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

షాపులో చూడాల్సినవి త్వరగా చెప్తాను. ఉబ్బిన డబ్బా, తుప్పు పట్టింది, అతుకు దగ్గర సొట్ట పడింది వద్దు. సగం ధరకి ఇచ్చినా వద్దు. కొన్ని ఇంపోర్టెడ్ డబ్బాల మీద దిగుమతిదారు స్టిక్కర్ సరిగ్గా ఆ ముఖ్యమైన వాక్యం మీదే అతికించి ఉంటుంది. అప్పుడు కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి, లేదా ఇంకో డబ్బా తీసుకోండి. తెరిచాక మిగిలింది మూత పెట్టి ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంచొచ్చు. గిన్నెలో వేసింది మామూలు రోజుల్లో రెండు గంటలు, మే నెలలో అయితే అరగంట. తినకపోతే తీసెయ్యండి. మనుషులు తినే డబ్బాలు, సాసేజ్‌లు, ఉప్పునీటిలో ఊరిన చేపలు పెట్టకండి. వాటిలో ఉప్పు, చాలాసార్లు ఉల్లి, వెల్లుల్లి పొడి ఉంటాయి. మన మటన్ పులుసుకీ ఇదే మాట. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాల్ని దెబ్బతీస్తాయి.

మాంసం అసలు కొననే కొనం అనే ఇళ్ళవాళ్ళు అడుగుతుంటారు. శాకాహార డబ్బా కుక్కకి పెట్టొచ్చు, 'కంప్లీట్' అని ఉంటేనే. పిల్లికి మాత్రం కుదరదు. దానికి టారిన్, విటమిన్ ఎ లాంటివి మాంసం నుంచే రావాలి, ఆ జీవి నిర్మాణమే అంత.

భీముడి సంగతి చెప్పలేదు కదూ. కాలుకి ఆపరేషన్ చెయ్యడానికి కూడా లేదు, ఆ మెత్తని ఎముక స్క్రూ పట్టదు. పంజరంలో కదలకుండా ఉంచి తిండి మార్చాం. పెద్ద జాతి పిల్లలకి పనికొచ్చే సంపూర్ణ ఆహారం, కొలిచి. నాలుగు వారాలకి ఎక్స్‌రేలో ఎముక తెల్లబడటం మొదలైంది. మూడు నెలలకి నడిచాడు. వెనక కాలు కాస్త పొట్టిగా అతుక్కుంది, ఇప్పటికీ పరిగెత్తినప్పుడు ఒక పక్కకి ఒరుగుతాడు. నేను మాస్టారికి చెప్పాను, "మొదటిరోజే నేను డబ్బా అడిగి ఉండాల్సింది మాస్టారూ" అని. ఆయన ఏమీ అనలేదు. కాసేపాగి, "ఇప్పుడు అందర్నీ అడుగుతున్నావా అమ్మా?" అన్నారు. అడుగుతున్నాను. మా క్లినిక్‌లో టీకా కార్డు మీద 'తిండి ఫోటో' అని ఒక గడి ఉంది, అది నిండకపోతే మా కాంపౌండర్ సూది కూడా తియ్యడు.

మాస్టారు ఇప్పుడు పెట్ షాపుకి భూతద్దం తీసుకుని వెళ్తారు. మొదట్లో షాపు కుర్రాడు విసుక్కున్నాడు. పోయిన నెల నేను వెళ్ళినప్పుడు చూశాను, అరలో ఒక వరస డబ్బాల కింద తెల్ల టేపు అతికించి స్కెచ్ పెన్నుతో గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది: "ఇది కూరే. అన్నం కాదు." ఆ దస్తూరీ ఎవరిదో నాకు తెలుసు.

మీ దగ్గరున్న డబ్బా వెనక వైపు ఫోటో పంపండి. ముందు వైపు వద్దు. వచ్చే వారం కుక్కల పళ్ళ గురించి మాట్లాడుకుందాం.